మరిడమ్మగారి నెత్తురు

మరిడమ్మగారు నా గదికి మొదటిసారి వచ్చింది పరీక్ష చేయించుకోడానికి కాదు. తనకి హెచ్.ఐ.వి. ఉందని ఆవిడకి పదమూడేళ్ళ కిందటే తెలుసు. 2006 జూలైలో ఓ సోమవారం, వానలో తడుస్తూ వచ్చి, రాజోలు ఆసుపత్రిలో నా బల్లకి ఎదురుగా కూర్చున్నారు. పైటచెంగుతో మొహం తుడుచుకుని అడిగేరు.

"మేడంగారండి, నేనెందుకు చచ్చిపోలేదో మీరేమన్నా చెప్పగలరాండి?"

నేనక్కడ హెచ్.ఐ.వి. కౌన్సిలరుగా చేరి అప్పటికి మూడేళ్ళయింది. ఇంకా ఎన్నాళ్ళు బతుకుతానని అడిగినవాళ్ళు నాకు లెక్కలేనంతమంది. ఇలా అడిగింది మాత్రం ఈవిడొక్కరే. ముందు మంచినీళ్ళు తాగమన్నాను.

ఈ సంగతులన్నీ రాయమని చెప్పింది ఆవిడే. పేరు మార్చి రాయనా అంటే, "ఇంకా దేనికండి, అందరికీ తెలిసిపోయిందే కదా" అన్నారు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మలికిపురానికి అవతల, కాలవగట్టు మీద ఆవిడ ఇల్లు. భర్త అప్పలరాజుగారు కొబ్బరికాయల లారీ నడిపేవారు. మలికిపురంలో ఎత్తిన లోడు నాగపూర్ దాటించి, ఒక్కోసారి ఢిల్లీ దాకా కూడా తీసుకెళ్ళేవారట. 1993లో ఆయనకి జ్వరం పట్టుకుంది. దగ్గు తగ్గలేదు, మనిషి సగమయ్యేడు. రేవులు దాటించి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ నెత్తురు పరీక్ష చేసి ఇదీ సంగతి అన్నారు. భార్యకీ చేసేరు. ఆవిడకీ ఉంది. ఆరేళ్ళ కూతురు దుర్గాశ్రీకి మాత్రం లేదు.

అప్పట్లో దీనికి మందు లేదనే చెప్పేవారు. అప్పలరాజుగారు ఏడాదిన్నర తిరక్కుండా పోయేరు. ఆఖరి నెలల్లో ఆయన్ని ముట్టుకున్నది మరిడమ్మగారొక్కరే. తరవాత వీధి వీధంతా ఆవిడకి దూరం జరిగింది. పంపు దగ్గర బిందె పెట్టనిచ్చేవారు కాదు. కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో పనికి రావద్దన్నారు. ఈనెలు గీకి చీపుళ్ళు కట్టి, రాజోలు తీసుకొచ్చి, తననెవరూ ఎరగని వీధుల్లో అమ్ముకునేవారు. ఈ ఏడు కాకపోతే పైఏడు పోతుందని అందరూ అనుకున్నారు. ఆవిడా అనుకున్నారు. దుర్గాశ్రీని తన తల్లి వీరాయమ్మగారి దగ్గర వదిలి, పిల్లకి పన్నెండేళ్ళ వయసు దాకా సరిపోయేలా గౌన్లు కుట్టించి ట్రంకుపెట్టెలో సర్దేరట.

ఆ పైఏడు రానే లేదు. ఆవిడకి జ్వరం రాలేదు, ఒళ్ళు తగ్గలేదు. మూడేళ్ళు చూసి కూతుర్ని తెచ్చేసుకున్నారు. ట్రంకుపెట్టెలో గౌన్లు ఒక్కొక్కటే తీసి తొడిగేరు, అవీ పొట్టయిపోయేయి.

"ఇప్పుడు దుర్గాశ్రీ ఏం చేస్తోందండి?" అని అడిగేను.

"అమలాపురంలో నర్సు ట్రైనింగండి. రెండో సంవత్సరం." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు కాస్త లేచింది.

"మరైతే బాగానే ఉంది కదండీ. ఎందుకు బతికేనని ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

ఆవిడ కిటికీలోంచి వానకేసి చూసేరు.

"నాగేంద్రబాబు పోయి ఇవాళ్టికి తొమ్మిదో రోజండి."

నాగేంద్రబాబు నాకు తెలుసు. గల్ఫులో పనిచేస్తుంటే అక్కడ వైద్య పరీక్షలో బయటపడి, వెనక్కి పంపించేసేరు. కిందటేడు ఈ గదిలోనే, ఇదే కుర్చీలో కూర్చున్నాడు. పక్కన భార్య సత్యవతి, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆ పిల్లకీ ఉంది. అతనికి మందులు వెంటనే మొదలెట్టాలని చెప్పి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చేను. ఆయ్, వెళ్తామండీ అన్నారు. మళ్ళీ రాలేదు. మందులు వాడుకుంటున్నాడనే అనుకున్నాను.

"వాళ్ళు కాకినాడ వెళ్ళలేదండి," అన్నారు మరిడమ్మగారు. "సూర్యారావు దగ్గరికెళ్ళేరు. పద్నాలుగు నెలలు లేహ్యం తిన్నాడు. ఆ లేహ్యం తినడానికి కారణం నేనేనండి."

అదెలాగని అడిగితే ఆవిడ చెప్పిన సంగతి ఇది.

సూర్యారావు మొదట్లో సైకిలు మీద తిరిగే పసరు వైద్యుడు. 1997లో కాలవగట్టు మీదికొచ్చి, మరిడమ్మగారి సంగతి విని, ఓ డబ్బా లేహ్యం ఊరికే ఇచ్చి వెళ్ళేడు. ఆవిడ నాలుగు రోజులు తింటే కడుపులో తిప్పింది. మిగిలింది కాలవలో పారేసేరు. ఇంకో మూడేళ్ళకి అతను మళ్ళీ వచ్చి, ఆవిడ గుమ్మంలో నిలబడి నిండుగా నవ్వుతుంటే చూసి ఆశ్చర్యపోయేడు. అప్పట్నించీ మొదలెట్టేడు, మరిడమ్మకి తగ్గించింది తన మందేనని. మలికిపురం సంత దగ్గర గది తీసుకున్నాడు. డ్వాక్రా సంఘం ఫొటోలోంచి ఆవిడ బొమ్మ ఒక్కటీ కత్తిరించి, పెద్దది చేయించి, అద్దం కట్టించి గోడకి పెట్టేడు. గల్ఫు నుంచి తిరిగొచ్చినవాళ్ళు, లారీలవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, శుక్రవారం శుక్రవారం ఆ బొమ్మ కింద బల్లల మీద కూర్చునేవారు.

"ఫొటో పెట్టేడని మీకు తెలుసాండి?"

"తెలుసండి. అది అబద్ధమనీ తెలుసండి." ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసేరు. "తెలిసీ ఊరుకున్నాను. లేహ్యంతో తగ్గిపోయిందన్నాకే నాకు పంపు దగ్గర చోటిచ్చేరు. పీచు ఫ్యాక్టరీ ఓనరు బంగారరాజుగారు మళ్ళీ పనికి పిలిచేరు. డ్వాక్రాలో చేర్చుకున్నదీ అప్పుడేనండి. పిల్ల చదువుకుంటోంది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆవిడ గ్లాసులో మిగిలిన మంచినీళ్ళు తాగేసి మళ్ళీ మొదలెట్టేరు.

"మొన్న సత్యవతి వచ్చిందండి మా ఇంటికి. 'పిన్నీ, మీరు ఏ పథ్యం చేసేరో సరిగ్గా చెప్పండి, ఆయనకి పట్టలేదు, నాకన్నా పట్టాలి' అంది. నేను బతికుండటం చూసి అతను చచ్చిపోయేడండి. అందుకే అడుగుతున్నాను. నేను తిన్నది లేదు, చేసింది లేదు. మరెందుకు బతికేను? కారణమేంటో తెలిస్తే ఆ పిల్లకి చెప్పగలను. ఊరికే లేహ్యం కాదంటే నమ్మదు."

ఈ ఉద్యోగంలో నేను చూసిన తప్పులన్నీ ఎవరో ఒకరి మీదికి నెట్టినవే. భర్త భార్య మీదికి, అత్త కోడలి మీదికి. తన తప్పు తనే తెచ్చి నా బల్ల మీద పెట్టిన మనిషిని మొదటిసారి చూసేను. ఆవిడ మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

ఆ గురువారమే ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్ళేను. అమలాపురంలో బస్సు మారి, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటుతుంటే ఆవిడ కిటికీలోంచి గోదావరి చూస్తూ, "అప్పుడు వంతెన లేదండి, పంటు మీద దాటించేను ఆయన్ని. ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు" అన్నారు.

పెద్దాసుపత్రిలో సుబ్రహ్మణ్యేశ్వరరావుగారని ఓ డాక్టరుగారుండేవారు. మనిషి కాస్త కోపిష్టి, ఎవర్నీ కూర్చోమనేవారు కాదు. మరిడమ్మగారి పాత కాగితాలు నిలబడే చదివేరు. 1993 తారీఖు చూసి ఆవిడకేసి చూసేరు. మళ్ళీ కాగితంలోకి చూసేరు.

"ఏ మందులు వాడుతున్నారమ్మా?"

"ఏమీ లేదండి."

"ఎప్పుడూ?"

"నాలుగు రోజులు లేహ్యం తిన్నానండి. తొమ్మిదేళ్ళయింది."

ఆయన తన కుర్చీ పక్కనున్న స్టూలు లాగి, కూర్చోండి అన్నారు. అక్కడి సిస్టరు నాకేసి వింతగా చూసింది.

మళ్ళీ పరీక్ష చేసేరు. హెచ్.ఐ.వి. ఉంది, అనుమానం లేదు. ఒంట్లో కాపలా కాసే తెల్లకణాల లెక్క చూసేరు. సి.డి.4 అంటారు దాన్ని. మామూలు మనిషికి ఉండాల్సినన్నీ ఉన్నాయి, ఏడువందల పైచిలుకు. నాగేంద్రబాబు నా గదికి తెచ్చిన గల్ఫు కాగితాల్లో నూరు కూడా లేవు. డాక్టరుగారు ఆ కాగితం చేత్తో పట్టుకుని కాసేపు అటూ ఇటూ నడిచేరు.

"మద్రాసులో నాకు తెలిసిన పరిశోధనశాల ఉందమ్మా. మీలాంటివాళ్ళ నెత్తురు చూస్తున్నారు. పంపించమంటే పంపిస్తాను. మీకు ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. ఇష్టమైతేనే."

"పంపండి. కానీ కారణం మాత్రం నాకు అర్థమయ్యేలా చెప్పాలండి," అన్నారు మరిడమ్మగారు.

జవాబు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోపు ఆవిడ ఖాళీగా కూర్చోలేదు. వారానికి రెండుసార్లు సత్యవతి ఇంటికెళ్ళేవారు. ఆ పిల్ల లేహ్యం మానలేదు.

"మీరు బాగుపడి, మమ్మల్ని వద్దంటారేంటి పిన్నీ?" అందిట ఓరోజు.

అయినా మరిడమ్మగారు వెళ్ళడం మానలేదు. పీచు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు కూరో నారో పట్టుకెళ్ళడం, ఆ పిల్ల తిన్నదాకా అక్కడే కూర్చోవడం, ఇదే చేసేవారు. సంక్రాంతి వెళ్ళేక సత్యవతికి నోటి నిండా పూత వచ్చింది. అన్నం మింగలేకపోయేది. ఆ పూత అప్పలరాజుగారి నోట్లోనూ చూసేరు ఆవిడ.

2007 ఫిబ్రవరిలో కాకినాడ నుంచి కబురొచ్చింది. ఈసారి దుర్గాశ్రీ కూడా మాతో వచ్చింది. తల్లి పోలిక, కానీ మాట తక్కువ. నర్సుల తెల్లచీరలోనే అమలాపురంలో బస్సెక్కి తల్లి పక్కన కూర్చుంది.

డాక్టరుగారు ముగ్గుర్నీ కూర్చోబెట్టేరు. మద్రాసు కాగితాలు పక్కన పెట్టి, వాటిలోకి చూడకుండానే చెప్పడం మొదలెట్టేరు.

"మన ఒంట్లో కణాలుంటాయి కదమ్మా. వాటి పైన చిన్న చిన్న పళ్ళేల్లాంటివి ఉంటాయి. కణం తన లోపల ఏముందో ఓ ముక్క తీసి ఆ పళ్ళెంలో పెట్టి బయటికి చూపిస్తుంది. కాపలా కణాలు తిరుగుతూ వచ్చి ఆ ముక్క చూస్తాయి. మనదైతే వదిలేస్తాయి. పరాయిదైతే ఆ కణాన్ని అక్కడే చంపేస్తాయి. అర్థమైందా?"

"ఆయ్," అన్నారు మరిడమ్మగారు.

"ఆ పళ్ళెం ఆకారం అందరికీ ఒకలా ఉండదు. కొన్ని తల్లి నుంచి వస్తాయి, కొన్ని తండ్రి నుంచి. ఈ వైరస్ ఉంది చూడండి, అది రోజుకో వేషం కడుతుంది. మామూలువాళ్ళ పళ్ళెంలో పడే ముక్కని అది తేలిగ్గా మార్చేసుకుంటుంది. కాపలావాళ్ళు పోల్చుకోలేరు, తప్పించుకుపోతుంది. మీకు పుట్టుకతో ఓ రకం పళ్ళెం వచ్చింది. అందులో పడేది దాని వెన్నెముకలాంటి ముక్క. అది మార్చుకుంటే దానికే నడుం విరుగుతుంది, సరిగ్గా పెరగలేదు. మార్చుకోకపోతే మీవాళ్ళకి దొరికిపోతుంది. అందుకని మీ ఒంట్లో అది చావలేదు, అలాగని పెరగనూ లేదు."

మరిడమ్మగారి చేతివేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. పీచు ఏరి ఏరి ఆ వేళ్ళు కాయలు కాసి ఉంటాయి.

"అంటే ఇది నా పథ్యం కాదు, నేను చేసిన పని కాదు."

"కాదు."

"పుణ్యం అన్నారండి ఊళ్ళో. నాది పుణ్యమనీ, ఆయనది పాపమనీ."

"పుణ్యమూ కాదు పాపమూ కాదమ్మా. ఆయనకి అలాంటి పళ్ళెం లేదు. నూటికి తొంభైతొమ్మిది మందికి లేదు. నాకూ లేకపోవచ్చు. ఆయన్నుంచి మీకొచ్చింది అదే పురుగు. ఆయన ఒళ్ళు దాన్ని ఆపలేకపోయింది, అంతే. మీలో ఇదొక్కటే పనిచేసిందని కూడా నేను గట్టిగా చెప్పలేను. ఇలాంటి పళ్ళెం ఉండి కూడా జబ్బు ముదిరినవాళ్ళున్నారు. తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి."

అప్పుడు ఏడ్చేరు మరిడమ్మగారు. పెద్దగా కాదు. తల వంచుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని. దుర్గాశ్రీ తల్లి వీపు మీద చెయ్యి వేసింది. తన సంగతి తెలిసినందుకు ఏడ్చిన ఏడుపు కాదది. పన్నెండేళ్ళ నుంచి ఊరు పాపిష్టివాడన్న మనిషి తప్పేమీ లేదని ఓ పెద్దమనిషి నోట విన్నందుకు. తరవాత ఆవిడే అన్నారు నాతో, "ఆయనకి నేను సరిగ్గా పెట్టలేదేమో, నేను తిన్నదేదో ఆయనకి అందలేదేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో కామేశ్వరిగారూ" అని. ఆరోజు నుంచీ నన్ను మేడంగారండి అనడం మానేసేరు.

బయల్దేరబోతుంటే డాక్టరుగారు మరో మాట చెప్పేరు. "ఇది జీవితాంతం కాస్తుందని మాత్రం అనుకోకండి. ఆర్నెల్లకోసారి వచ్చి లెక్క చూపించుకోవాలి."

తిరుగు బస్సులో ఆవిడ కూతురితో అన్నారు. "శుక్రవారం సూర్యారావు గదికెళ్ళి చెప్పేద్దామనుకుంటున్నానే. నాకు తగ్గలేదనీ, ఇంకా ఉందనీ."

దుర్గాశ్రీ హాస్టల్లో తల్లికి జబ్బు ఉండేదని, లేహ్యంతో నయమైందని మాత్రమే తెలుసు. ఇంకా ఉందని తెలిస్తే పక్క మంచాలవాళ్ళు ఏం చేస్తారో ఆ పిల్లకి తెలుసు, నాకూ తెలుసు. అమలాపురంలో దిగేటప్పుడు, "కొన్నాళ్ళు ఆగకూడదామ్మా, నా పరీక్షలయ్యేదాకా?" అంది. మరిడమ్మగారు సరేనన్నారు. నేను ఆశ్చర్యపోయేను.

బుధవారం దుర్గాశ్రీయే కాలవగట్టుకి వచ్చిందట. దారిలో సత్యవతి ఇంటికెళ్ళి, ఆ నోరు తెరిపించి చూసింది. ఇంటికొచ్చి ఓ తెల్లకాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో తల్లి పరీక్షల తారీఖులన్నీ రాసిచ్చింది. 1993 ఉంది, 2006 ఉంది, 2007 ఉంది. "నువ్వు మాట తడబడితే ఇది చూపించు" అంది. హాస్టలు సంగతేంటే అని అడిగితే, "నేను చూసుకుంటాలే" అందిట.

శుక్రవారం నేను సెలవు పెట్టి మలికిపురం వెళ్ళేను. ప్రభుత్వ ఉద్యోగిని, లోపలికి వెళ్ళడం బాగోదని ఎదురుగా సోడాకొట్టు దగ్గర నిలబడ్డాను. సూర్యారావు గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపలంతా కనబడుతోంది, మాటలూ వినబడుతున్నాయి. బల్లల మీద పదిహేనుమంది దాకా ఉన్నారు. గోడ మీద ఆవిడ బొమ్మ. సత్యవతి ఓ మూల గోడకి ఆనుకుని కూర్చుంది.

మరిడమ్మగారు నీలంరంగు నేతచీర కట్టుకుని, నెమ్మదిగా మెట్లెక్కి, బొమ్మ కింద నిలబడ్డారు.

"ఈ ఫొటోలో ఉన్నది నేనేనండి," అన్నారు. "నాకు తగ్గిపోయిందని మీకు చెప్పేరు. తగ్గలేదండి. పదమూడేళ్ళ నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. మొన్న కూడా కాకినాడలో చూసేరు. ఇదిగోండి కాగితం."

బల్లల మీద కలకలం లేచింది. సూర్యారావు తెలివైనవాడు. కోపం తెచ్చుకోలేదు. కుర్చీ చూపించి, "కూర్చోండి మరిడమ్మగారూ, ఎండన పడి వచ్చేరు" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఈయన మందు నేను నాలుగు రోజులే తిన్నానండి. మిగిలింది కాలవలో పారేసేను."

"చూసేరా," అన్నాడు సూర్యారావు అందరికేసి తిరిగి. "నాలుగు రోజులకే అంత గుణం ఇచ్చింది. అదీ మన మందు."

ఒకరిద్దరు తలలూపేరు. ఇంత తేలిగ్గా తిప్పేస్తాడని నేననుకోలేదు.

మరిడమ్మగారు తడబడలేదు.

"నాగేంద్రబాబు పద్నాలుగు నెలలు తిన్నాడు కదండీ," అన్నారు అదే గొంతుతో. "నాలుగు రోజులు తిన్నదాన్ని నేనున్నాను. పద్నాలుగు నెలలు తిన్నవాడు లేడు. మందు గుణమైతే ఇలా ఎందుకవుతుందండి?"

సూర్యారావు లేహ్యం డబ్బా మూత బిగించడం మొదలెట్టేడు. ఆవిడ బల్లలవాళ్ళకేసి తిరిగేరు.

"నేను బతకడం నా పుట్టుకండి. కొందరి జుట్టు రింగులు తిరిగి ఉంటుంది, కొందరిది ఉండదు. అలా నా నెత్తుట్లో ఓ గుణం మా అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చింది. నూటికి ఒకరికే ఉంటుందంట. మీలో ఎవరికన్నా ఉందేమో నాకు తెలీదు, ఆయనకీ తెలీదు. నన్ను చూసి అసలు మందు వదులుకోకండి. కాకినాడలో మాత్రలు ఊరికే ఇస్తున్నారు. నేను తోడొస్తాను. ఇన్నాళ్ళూ ఇది అబద్ధమని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. అది నా తప్పు. మీ అందర్నీ క్షమించమంటున్నాను."

చేతులు జోడించేరు. తరవాత మేకు నుంచి ఆ ఫొటో తీసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగేరు. ఎవరూ అడ్డం రాలేదు.

ఆవిడ వెనకాల లేచింది నలుగురే. మిగిలినవాళ్ళు కూర్చునే ఉన్నారు. ఒకావిడ డబ్బా గట్టిగా ఒళ్ళో పెట్టుకుని, ఎవరికేసీ చూడకుండా. ఆ తరవాత ఏడాది పైనే సూర్యారావు ఆ గది నడిపేడు. ఆనక సఖినేటిపల్లి వైపు మకాం మార్చేడని విన్నాను. లేచిన నలుగురిలో సత్యవతి ఉంది. సోమవారం ఉదయం మొదటి బస్సుకి మరిడమ్మగారు ఆ పిల్లని కాకినాడ తీసుకెళ్ళేరు. అప్పటికి ఆ పిల్లకి తెల్లకణాలు ఎనభై ఉన్నాయి. మొదటి రెండు నెలలూ మాత్రలు పడక వాంతులు చేసుకునేది. ఆవిడే పక్కన కూర్చుని మింగించేవారు. ఏడాదికి ఆ పిల్ల ఒళ్ళు చేసింది, కుట్టు మిషను పెట్టుకుంది.

మరిడమ్మగారికి జరగాల్సింది జరిగింది. బంగారరాజుగారు మర్యాదగానే కబురంపేరు, కొన్నాళ్ళు పనికి రావద్దని. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ అవలేదు. పంపు దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అనలేదట. ఎందుకో ఆవిడకీ తెలీదు, కాలం మారిందేమో మరి. దుర్గాశ్రీ హాస్టల్లో ఇద్దరమ్మాయిలు మంచాలు దూరం జరుపుకున్నారు. మూడో అమ్మాయి తన మంచం దగ్గరికి జరుపుకుంది. ఆ పిల్ల కోర్సు పూర్తిచేసింది.

ఆవిడ మళ్ళీ చీపుళ్ళు మొదలెట్టేరు. కానీ వారానికి రెండు రోజులు చీపుళ్ళ పనికి సెలవు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, ఎక్కడెక్కడి మనుషుల్నో కాకినాడ బస్సెక్కించి, వరసలో నిలబెట్టి, డాక్టరుగారి కసుర్లు తను కాసుకుని, సాయంత్రానికి ఇళ్ళకి చేర్చేవారు. నా రిజిస్టరులో ఆ రెండేళ్ళలో మందు మానేసినవాళ్ళు ముగ్గురంటే ముగ్గురు. అంతకు ముందు సగానికి సగం. ఆ పని నేను చేయలేకపోయేను. నాకు జీతం ఉంది, కుర్చీ ఉంది, శిక్షణ ఉంది. నేను చెప్తే ఆయ్ అని తలూపి వెళ్ళిపోయేవారు. ఆవిడ "నాకూ ఉంది, పదండి" అంటే లేచి వచ్చేవారు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కోసారి ఆవిణ్ణే అడిగేవారు, మీరు ఏ మాత్రలు వేసుకుంటారని. తను వేసుకోనని ఆవిడ దాచేవారు కాదు. "నాకు ఇంకా అవసరం రాలేదు. మీకొచ్చింది. ఆకలి వేసినవాళ్ళు తినాలి కదా" అనేవారు.

ఆర్నెల్లకోసారి లెక్క చూపించుకునేవారు. ఆరువందల యాభై. ఐదువందల తొంభై. 2009 మొదట్లో నాలుగువందలు. ఆ ఏడు చివర్లో రెండువందల పది. డాక్టరుగారు ఆ కాగితం నా చేతికిచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి చెప్పడం ఇష్టం లేదని అర్థమై నేనే బయటికొచ్చేను. వరండాలో బల్ల మీద సత్యవతి, మరిడమ్మగారు బత్తాయిపండు ఒలుచుకుని తింటున్నారు. సత్యవతి నెలవారీ మాత్రల కోసం వచ్చింది ఆ రోజు.

నేను దగ్గరికెళ్ళగానే ఆవిడ నా చేతిలో కాగితం తీసుకుని అంకె చూసేరు. చదువు పెద్దగా రాకపోయినా ఆ అంకెలు ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

"పదహారేళ్ళు కాసింది కామేశ్వరిగారూ," అన్నారు. "నేను అడక్కుండానే వచ్చింది, అన్నాళ్ళు కాసింది. పాపం, ఇంకెంత కాస్తుందండి."

తన ఒంట్లోని ఆ గుణాన్ని గురించి, ముసలైపోయిన కాపలామనిషిని గురించి మాట్లాడినట్టు మాట్లాడేరు. ఆవిడ సత్యవతికేసి తిరిగేరు.

"ఏమే, ఈ మాత్రలు తిన్న కొత్తలో వికారంగా ఉంటుందన్నావు. ఎన్నాళ్ళుంటుంది?"

"రెండు నెలలు పిన్నీ. అన్నం తిన్నాక వేసుకుంటే కాస్త నయం. నేనొచ్చి కూర్చుంటానులే," అంది సత్యవతి. లేచి, ఆవిడ చేతిలో కాగితం తీసుకుని, మందులిచ్చే కిటికీ దగ్గర వరసలో నిలబడింది.